ఆఫీసుకు సైకిల్‌పై వెళ్దామనుకుంటున్నారా..? షాపుకు వెళ్లేముందే రూట్ చూసుకోండి!

ఆఫీసుకు సైకిల్‌పై వెళ్తే పోలా..? ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కున్న రోజున చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. ఆ ఊపులోనే ఇరవై వేలు పెట్టి గేర్ల సైకిల్ కొనేస్తారు. నాలుగు రోజులు తొక్కుతారు. ఐదో రోజు ఏదో ఒక అడ్డంకి.. ఆ తర్వాత ఆ సైకిల్ సెల్లార్‌లో పిల్లర్ పక్కన దుమ్ము కొట్టుకుపోతుంది. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి తొంగిచూసినా ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. చాలావరకు ఇక్కడ తేడా కొట్టేది సైకిల్ దగ్గర కాదు, రూట్ దగ్గర.

నిజానికి సైకిల్‌పై పనికి వెళ్లడం కొత్త ఫ్యాషనేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయం కాకుండా ఇతర పనులు చేసేవాళ్లలో దాదాపు 13 శాతం మంది, అంటే 2.6 కోట్ల మందికి పైగా సైకిల్‌పైనే పనికి వెళ్లేవారు. అప్పట్లో బైకులు, స్కూటర్లపై వెళ్లేవాళ్ల కంటే ఈ సంఖ్యే కాస్త ఎక్కువ. తెల్లవారుజామున పేపర్ వేసేవాళ్లు, పాలవాళ్లు, నైట్ డ్యూటీ దిగే వాచ్‌మెన్లు, అడ్డా మీదకు వెళ్లే మేస్త్రీలు.. ఏ యాప్ లేకుండా, ఏ గేర్లూ లేకుండా ఇదే రోడ్లపై ఏళ్ల తరబడి తొక్కుతున్నారు. ఏ సందులోంచి పోతే మెయిన్ రోడ్డు తప్పుతుందో వాళ్లకు తెలిసినంతగా గూగుల్ మ్యాప్‌కు కూడా తెలియదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సైకిల్ షాపు కంటే ముందు వాళ్లలో ఒకరిని పలకరిస్తే సగం పని అయిపోయినట్టే.

దూరం ఎంతైతే కుదురుతుంది..?

అలవాటు లేనివాళ్లు సిటీ రోడ్లపై గంటకు 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో తొక్కగలరు. అంటే ఐదు కిలోమీటర్లకు 20-25 నిమిషాలు, ఎనిమిది కిలోమీటర్లకు 35-40 నిమిషాలు. కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీకి ఆరేడు కిలోమీటర్లు.. పీక్ అవర్‌లో కారుకు పట్టే టైమ్‌కూ సైకిల్‌కు పట్టే టైమ్‌కూ పెద్ద తేడా ఉండదు. అదే ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలికి అంటే పాతిక కిలోమీటర్ల పైమాటే. రోజూ రానూపోనూ తొక్కడం కొత్తవాళ్ల వల్ల అయ్యే పని కాదు. అలాంటివాళ్లు ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా సైకిల్, అక్కడి నుంచి రైలు అనుకోవడమే మంచిది.

దూరంతో పాటు ఎత్తుపల్లాలూ చూడాలి. మ్యాప్‌లో నాలుగు కిలోమీటర్లే అని బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మీదుగా బయల్దేరితే ఎత్తెక్కేసరికే ప్రాణం పోతుంది. విశాఖలోనూ అంతే, కొండవాలు రోడ్లకు గేర్లు తప్పనిసరి. విజయవాడలో కాలువల వెంట రోడ్లు చాలావరకు చదునే. అక్కడ మాములుగా ఇబ్బందిపెట్టేది ఎండ, ఉక్కపోత.

ఆదివారం ఒకసారి.. వర్కింగ్ డే ఒకసారి

రూట్ ఖరారు చేసుకోవడానికి రెండు ట్రయల్స్ వేయాలి. మొదటిది ఆదివారం పొద్దున్నే. రోడ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, ఎత్తు రోడ్లు, కుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసిపోతుంది. రెండోది సెలవు పెట్టుకున్న రోజో, వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న రోజో.. సరిగ్గా ఆఫీసు టైమ్‌లోనే. ఆదివారం ప్రశాంతంగా కనిపించిన రోడ్డు సోమవారం స్కూల్ బస్సులతో, రాంగ్ రూట్‌లో దూసుకొచ్చే బైకులతో వేరేలా ఉంటుంది. ఈ రెండో ట్రయల్ చేయకపోవడం వల్లే చాలామంది మొదటి వారంలోనే మానేస్తున్నారు.

కిలోమీటరో రెండు కిలోమీటర్లో ఎక్కువైనా కాలనీ లోపలి రోడ్లే మేలు. ఫ్లైఓవర్లను వీలైనంతవరకు తప్పించుకోవాలి. ఎక్కేటప్పుడు సైకిల్ వేగం పదికి పడిపోతుంది, వెనక వచ్చే కారేమో అరవై మీద ఉంటుంది, పక్కకు తప్పుకుందామంటే చోటే ఉండదు. కింద సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగినా నష్టం లేదు. ఇక ఔటర్ రింగ్ రోడ్ మెయిన్ క్యారేజ్‌వే మీదకు బైకులకే అనుమతి లేదు, సైకిల్ మాట చెప్పనక్కర్లేదు. సర్వీస్ రోడ్డే గతి.

మరి ఔటర్ పక్కన కట్టిన సోలార్ సైకిల్ ట్రాక్ సంగతేంటి..? 2023 అక్టోబర్‌లో ప్రారంభమైనప్పుడు ఈ ట్రాక్ పొడవు 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు. పైన సోలార్ ప్యానెళ్ల నీడ కూడా ఉంటుంది. నార్సింగి, కోకాపేట, కొల్లూరు వైపు ఇల్లుండి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసున్నవాళ్లకు ఇది వరమే. కానీ మియాపూర్‌లోనో మెహదీపట్నంలోనో ఉండేవాళ్లకు ఆ ట్రాక్ దాకా వెళ్లడమే అసలు ప్రయాణం. వీకెండ్‌లో కారు వెనక సైకిల్ తగిలించుకుని వచ్చి తొక్కేవాళ్లకు బాగానే ఉంది. పొద్దున్నే లంచ్ బాక్స్‌తో పనికి వెళ్లే సైకిల్‌కు కావాల్సింది మామూలు రోడ్డు పక్కన నాలుగడుగుల చోటు. అది మాత్రం చాలా రోడ్లపై పార్కింగ్ కింద, బండ్ల కింద పోయింది.

ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందంటే..

2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. వీళ్లలో వేలమంది సైకిళ్లపై వెళ్తున్నవాళ్లే. అందుకే ఈ భాగం కాస్త నిదానంగా చదవాలి.

చాలామంది వెనక నుంచి వచ్చే బండికే భయపడతారు. కానీ జంక్షన్‌లో ఎడమవైపు తిరిగే బండి కూడా అంతే ప్రమాదం. సైకిల్ నేరుగా వెళ్తుంటుంది, పక్కనే ఉన్న లారీయో బస్సో ఒక్కసారిగా ఫ్రీ లెఫ్ట్ తీసుకుంటుంది. డ్రైవర్‌కు ఎడమవైపు కింద ఉన్న సైకిల్ అద్దంలో కనిపించకపోవచ్చు. అందుకే పెద్ద బండికి ఎడమపక్కన ఎప్పుడూ నిలబడకూడదు. అది ముందుకు వెళ్లేదాకా వెనకే ఆగాలి. బస్టాప్‌లో ఆర్టీసీ బస్సు ఆగితే ఎడమ సందులోంచి దూరే పని అసలే వద్దు. దిగేవాళ్లు అడ్డంగా వస్తారు, బస్సూ ఒక్కసారిగా కదులుతుంది.

ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు కనీసం మూడడుగుల ఎడం ఉంచాలి. లోపల ఉన్నవాళ్లు చూసుకోకుండా డోర్ తీస్తే తప్పించుకునే టైమ్ ఉండదు. క్యాబ్‌లు ఆగే చోట మరీ జాగ్రత్త. రోడ్డు అంచుకు మరీ అతుక్కుని తొక్కినా ఇబ్బందే.. ఇసుక, గాజు పెంకులు, డ్రైనేజీ జాలీలు అన్నీ అక్కడే ఉంటాయి. జాలీ ఊచలు రోడ్డు పొడవునా ఉంటే ముందు టైరు అందులో దిగిపోతుంది. అంచు నుంచి రెండు మూడడుగులు లోపలికి, వంకరలు పోకుండా తిన్నగా తొక్కితే వెనకవాళ్లకు అంచనా దొరుకుతుంది.

పెద్ద జంక్షన్‌లో కుడివైపు తిరగాలంటే? హీరోయిజం అక్కర్లేదు. నేరుగా అవతలికి దాటి, అక్కడ ఆగి, ఆ వైపు సిగ్నల్ పడ్డాక వెళ్తే చాలు. లేదంటే దిగి జీబ్రా క్రాసింగ్‌పై నడిపించుకుంటూ వెళ్లొచ్చు. రాంగ్ రూట్‌లో వెళ్తే ఎదుటి బండి కనిపిస్తుంది కదా అని కొందరంటారు. ఎదురెదురుగా వస్తే ఇద్దరి వేగమూ కలుస్తుంది, దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

చీకటి పడ్డాక వెనక ఎర్ర లైట్, ముందు తెల్ల లైట్ లేకుండా రోడ్డెక్కకూడదు. ఛార్జింగ్ లైట్ల జత కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. సైకిల్‌కు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, మోటార్ వాహనాల చట్టంలోని హెల్మెట్ నిబంధన బైకులకే. అయినా పెట్టుకోవాలి. చున్నీ, చీర కొంగు, ప్యాంటు అంచు.. ఇవి చక్రంలోనో చైన్‌లోనో పడితే నడిరోడ్డు మీద బోర్లా పడాల్సిందే. చైన్ కవర్ ఉన్న సైకిల్, ప్యాంటుకు ఒక రబ్బర్ బ్యాండ్.. ఇంతకంటే చవకైన రక్షణ లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ మాత్రం ఇంట్లోనే.

ఏ సైకిల్ కొనాలి..?

ఇంట్లో పాత సైకిల్ ఉంటే మొదటి నెల దానితోనే సరిపెట్టడం తెలివైన పని. బ్రేక్ షూలు, టైర్లు, ట్యూబులు మార్చి, చైన్‌కు ఆయిల్ వేయిస్తే చాలు. కొత్తది కొనాలంటే సిటీ రోడ్లకు హైబ్రిడ్ రకం సరిపోతుంది. లావు టైర్లు, ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లు ఉన్న సైకిల్ చూడ్డానికి ఠీవిగా ఉంటుంది కానీ బరువెక్కువ, తొక్కే శక్తిలో కొంత ఆ స్ప్రింగులే మింగేస్తాయి. మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండ్ ఉన్నాయో లేదో చూడాలి. ఖరీదైన సైకిళ్లకు ఇవే ఉండవు! బ్యాగ్ వీపున ఉంటే చొక్కా తడిసి ముద్దవుతుంది, అదే క్యారియర్‌కు కట్టేస్తే ఆ బాధ ఉండదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బేరమాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సీటు ఎత్తు సరిగ్గా లేకపోతే వారంలో మోకాళ్లు పట్టేస్తాయి. సీటు మీద కూర్చుని మడమను కింది పెడల్‌పై పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి, అదే సరైన ఎత్తు. ఎక్కువమంది సీటును మరీ కిందకు పెట్టుకుంటారు. టైరులో గాలి ఎంత కొట్టాలో టైరు పక్కనే ముద్రించి ఉంటుంది. వారానికోసారి చూసుకుంటే పంక్చర్లు తగ్గుతాయి.

ఎలక్ట్రిక్ సైకిల్‌కు లైసెన్స్ కావాలా అని చాలామంది అడుగుతుంటారు. మోటార్ పవర్ 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, మిగతా నిబంధనలకు సరిపోతే లైసెన్స్, రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అంతకు మించి వేగం వచ్చేలా షాపువాళ్లు లాక్ తీసిచ్చినా అది సైకిల్ లెక్కలోకి రాదు.

చెమట.. సెక్యూరిటీ గేటు

అందరూ అడిగే ప్రశ్న చెమట గురించే. ఆఫీసులో స్నానాల గది ఉంటే ఏ చింతా లేదు. లేకపోతే పది నిమిషాలు ముందుగా చేరుకుని, ఫ్యాన్ కింద ఆరి, తడి టవల్‌తో తుడుచుకుని చొక్కా మార్చుకోవాలి. వారానికి సరిపడా ఇస్త్రీ బట్టలు సోమవారం బస్సులో వెళ్లినప్పుడే డెస్క్‌లో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. చివరి కిలోమీటరు నెమ్మదిగా తొక్కితే సగం చెమట ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎనిమిదింటికల్లా ఆఫీసులో ఉండేలా బయల్దేరాలి, లేదంటే ఆ రెండు నెలలూ మానేయడమే నయం.

మొదటి రోజే ఎదురయ్యే ఇంకో అడ్డంకి గేటు దగ్గర సెక్యూరిటీ. కార్లకు రెండు ఫ్లోర్లు, బైకులకు ఒక ఫ్లోర్ ఉన్న బిల్డింగ్‌లో సైకిల్ ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. ముందురోజే అడ్మిన్‌తో మాట్లాడి చోటు ఖాయం చేసుకుంటే ఆ తలనొప్పి ఉండదు. తాళం వేసేటప్పుడు చక్రానికి కాకుండా ఫ్రేమ్‌కు వేసి, కదలని కడ్డీకి కట్టేయాలి. ఫ్రేమ్ నంబర్ ఫొటో, బిల్లు దగ్గర పెట్టుకోవాలి. సైకిల్‌కు ఆర్సీ ఉండదు కాబట్టి పోతే అదే ఆధారం.

డబ్బు మిగులుతుందా..?

మిగులుతుంది, కానీ అనుకున్నంత కాదు. రానూపోనూ 16 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు అంటే 384 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బైక్‌కు ఎనిమిదిన్నర లీటర్ల పెట్రోల్. లీటరు 107 రూపాయలు అనుకుంటే దాదాపు 900 రూపాయలు. అంటే 12 వేల సైకిల్ ఖర్చు తిరిగి రావడానికి ఏడాదికి పైనే పడుతుంది. కారు వాడేవాళ్లకైతే చాలా ముందే వచ్చేస్తుంది.

అసలు లాభం ఒంటికి. బ్రిటన్‌లో 2.6 లక్షల మందిపై చేసిన అధ్యయనం 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సైకిల్‌పై పనికి వెళ్లేవాళ్లలో మరణాల ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. సైకిల్ తొక్కేవాళ్లు మిగతా అలవాట్లలోనూ జాగ్రత్తగా ఉండొచ్చు, కాబట్టి మొత్తం ఘనత సైకిల్‌దే అనలేం. మరి పొగ సంగతి? ఢిల్లీలాంటి కాలుష్యంలో కూడా వారానికి ఐదు గంటల వరకు తొక్కితే నష్టం కంటే లాభమే ఎక్కువని 2016లో మరో అధ్యయనం లెక్కగట్టింది. పొగ ఎక్కువుండే మెయిన్ రోడ్డు వదిలి సందుల్లోంచి వెళ్తే ఇంకా మంచిది. షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్నిరకాల మాత్రలు వాడేవాళ్లు మాత్రం ముందుగా డాక్టర్‌ను అడగాలి. దారిలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, జేబులో గ్లూకోజ్ తప్పకుండా ఉండాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లకూ డాక్టర్ మాటే ముందు.

రోజూ వెళ్లి తీరాలన్న పట్టుదల మొదట్లో వద్దు. వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో ఒకరోజు గ్యాప్ ఉంటే కాళ్లు కోలుకుంటాయి. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డుపై తెరిచిన మ్యాన్‌హోల్ కనిపించదు కాబట్టి ఆ నీళ్లలోకి సైకిల్ దింపకూడదు. సాయంత్రం వాన పట్టుకుంటే సైకిల్‌ను ఆఫీసులోనే తాళం వేసి మెట్రోలోనో బస్సులోనో ఇంటికి వెళ్లిపోవడమే. మర్నాడు పొద్దున బస్సులో వెళ్లి, సాయంత్రం సైకిల్ తెచ్చుకుంటే సరి.