ఉత్తరం వచ్చింది, బొమ్మలు రాలేదు

మా అన్నయ్య డల్లాసులో ఉండేవాడు. 2019లో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వచ్చి, తిరిగి వెళ్ళాక నాకొక పొడుగాటి ఈమెయిల్ రాశాడు. పేరాకీ పేరాకీ మధ్య ఒక్కొక్క ఫొటో, మొత్తం నాలుగు. మరుసటేడు సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయింది. ఆ తర్వాత అన్నయ్యా పోయాడు. 2021లో కొత్త రథం వచ్చింది గాని, పాత రథం పక్కన నిలబడ్డ అన్నయ్య ఇక ఆ ఉత్తరంలోనే ఉన్నాడు.

పెన్‌డ్రైవులో దాచిన ఆ ఉత్తరాన్ని మొన్న సఖినేటిపల్లిలో ఒక కంప్యూటరు షాపులో ప్రింటు తీయించబోయాను. బ్రౌజరులో అక్షరాలు చక్కగా వచ్చాయి. ఫొటోలుండవలసిన చోట నాలుగు ఖాళీ డబ్బాలు! "బొమ్మలు పోయినట్టున్నాయండి" అన్నాడు కుర్రాడు, తేలిగ్గా. నా గుండె గోదాట్లో జారిపడ్డంత పనైంది.

సాయంత్రం మా మేనల్లుడు చూసి నవ్వాడు. "మావయ్యా, అతను ఉత్తరంలోంచి రాత భాగం ఒక్కటే ఊడదీసి బ్రౌజరుకిచ్చాడు. మనుషులు అవతలి రేవులో దిగారు, సామాన్లు ఇవతలే ఉండిపోయాయి" అన్నాడు. నిత్యం నరసాపురం పంటు ఎక్కి దిగేవాణ్ణి గదా, వెంటనే బోధపడింది.

సంగతేమిటంటే, మొదట్లో ఈమెయిల్ అంటే ఉత్త ఇంగ్లీషు అక్షరాలే. 1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు 'మైమ్' అనే పద్ధతి రాసిపెట్టాక ఫొటోలూ, పాటలూ, మన తెలుగూ అందులో ప్రయాణం చేయసాగాయి. ఫొటోను కూడా అక్షరాలుగానే మారుస్తారు, మూడు బైట్లకు నాలుగు అక్షరాల చొప్పున. మేనల్లుడు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూపిస్తే, పేజీలకు పేజీలు అర్థం పర్థం లేని ఏబీసీడీలు. అదే అన్నయ్యట!

ప్రతి ఫొటోకూ ఒక చీటీ కట్టి ఉంటుంది. రాత భాగంలో 'ఫలానా చీటీ గల బొమ్మ ఇక్కడ పెట్టవలెను' అని ఉంటుంది. దానికి ముందు 'సీఐడీ' అని గుర్తు. (పోలీసు సీఐడీ కాదు లెండి.) బ్రౌజరుకు వెబ్ చిరునామాలు తెలుసు గాని, ఈ చీటీ ఏ మూటలోదో తెలియదు. మెయిల్ సైటులో చదివేటప్పుడు ఆ సైటే చీటీల స్థానంలో తన చిరునామాలు రాసి అందిస్తుంది. అందుకే అక్కడ కనబడ్డ బొమ్మ ఇక్కడ కనబడదు. మూటను మూటగానే బ్రౌజరు ముందు పెట్టేందుకు 'ఎంహెచ్‌టీఎంఎల్' అని ఒక ఏర్పాటు చేశారు. దాన్ని క్రోమ్ తెరవగలదు.

అదృష్టం, నా పెన్‌డ్రైవులో అసలు మూట, ఆ ఈఎంఎల్ ఫైలు, చెక్కుచెదరలేదు. థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాములో తెరిచాడు. రథం వచ్చింది. అన్నాచెల్లెళ్ళ గట్టు వచ్చింది. లైట్‌హౌసు వచ్చింది. నాలుగోది మాత్రం, తెమ్మని ఎన్నిసార్లు నొక్కినా రాలేదు.

ఆ ఒక్కటీ అన్నయ్య మూటలో కట్టలేదట. ఏదో ఫొటోల సైటులో ఉంచి, దాని చిరునామా మాత్రం రాశాడు. ఆ సైటు ఎప్పుడో మూతపడింది. "అది పరాయివాళ్ళింట్లో పెట్టిన సామాను, మావయ్యా" అన్నాడు మేనల్లుడు.

డబ్బా కింద అన్నయ్య రాసిన వాక్యం మాత్రం ఉంది: "పంటు మీద నువ్వూ నేనూ. నీ గొడుగు గాలికి ఎలా తిరగబడిందో చూడు!"

ప్రింటులో ఆ ఖాళీ డబ్బాను అలాగే ఉంచమన్నాను.