మోకాలి ఆపరేషన్: కడిగించాలా, మార్పించాలా?

నాట్లేసి, కలుపు తీసి, బస్తాలు మోసిన మోకాళ్లు యాభై దాటేసరికి మొరాయిస్తాయి. పట్నం వెళితే 'గుజ్జు అరిగింది, ఆపరేషన్ చేయించుకోండి' అంటారు. పాడి గేదెను అమ్మి డబ్బు కట్టే ముందు ఒక్క మాట అడగండి. ఏ ఆపరేషన్ అని.

చిన్న బెజ్జాలు పెట్టి, గొట్టం దూర్చి, కీలు లోపల కడిగే ఆపరేషన్ ఒకటుంది. ఆర్థ్రోస్కోపీ అంటారు. తొందరగా ఇంటికి పంపేస్తారు, కీలు మార్పిడి కంటే ఖర్చు తక్కువ. అందుకే మనవాళ్లు దీనికి మొగ్గుతారు. కానీ అరుగుదల నొప్పికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో డాక్టర్లు 180 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు కీలు కడిగారు. ఇంకో జట్టుకు లోపల గీకి శుభ్రం చేశారు. మూడో జట్టుకు పైపైన కోసి కుట్లు వేశారంతే! (రోగులు ముందే ఒప్పుకున్నారు లెండి, ఎవరికి ఏది చేసిందీ మాత్రం చెప్పలేదు.) రెండేళ్లు గమనించినా కడిగించుకున్నవాళ్లకు ఉత్త కుట్లవాళ్లకంటే నొప్పి తగ్గలేదు. ఈ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. దెబ్బ తగిలి మోకాలు బిగుసుకుపోయి చాపలేనివారి సంగతి వేరు, వారికి ఈ ఆపరేషన్ అవసరపడవచ్చు.

ఇక కీలు మార్పిడి. డెన్మార్క్‌లో 100 మందిలో సగం మందికి కీలు మార్చి, ఆపైన 12 వారాలు వ్యాయామం చేయించారు. మిగతా సగానికి వ్యాయామం, బరువు తగ్గే తిండి, మందులు మాత్రమే. ఏడాదికి మార్పిడి జట్టే బాగా మెరుగుపడింది, అది నిజం. కాని ఆపరేషన్ లేనివాళ్లకూ నొప్పి తగ్గింది. వారిలో నలుగురికి ముగ్గురు ఆ ఏడాది ఆపరేషన్ జోలికే పోలేదు. చీము పట్టడం, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు మార్పిడిలోనే ఎక్కువ. కాబట్టి ముందు మూడు నెలలు వ్యాయామం చేసి చూడండి. తొడ కండ బలపడితే మోకాలిపై భారం తగ్గుతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టనంత నొప్పి, పది అడుగులు వేయలేని స్థితి వస్తే అప్పుడు మార్పిడి.

లోపలి వైపు ఒక్కటే అరిగితే సగం కీలు మార్చినా చాలు. బ్రిటన్‌లో 528 మందిని ఐదేళ్లు చూశారు. సగం మార్చినా, మొత్తం మార్చినా కోలుకోవటంలో పెద్ద తేడా లేదు.

మార్పిడి అయిన మర్నాటికే చేతి ఊతంతో నడిపిస్తారు. మామూలు పనులకు మూడు నెలలు, పూర్తిగా కుదుటపడటానికి ఏడాది. గొంతుకు కూర్చోవటం, బాసింపట్టు వేయటం కుదరదు. కుర్చీ మరుగుదొడ్డి ముందే కట్టించుకోండి. ఆపరేషన్ కోతలయ్యాక పెట్టుకుంటే నాట్ల వేళకు కొంత తేరుకుంటారు, అయినా బురదలో దిగే పని కూలీలకే వదలాలి.