డాక్టర్ జేబులోని జెల్లీ బేబీలు

బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ 1963 నవంబరు 23న మొదలుపెట్టిన ‘డాక్టర్ హూ’ అనే వైజ్ఞానిక కల్పనా ధారావాహికలో కథానాయకుడికి పేరంటూ ఉండదు. అందరూ అతడిని డాక్టర్ అనే పిలుస్తారు. పరగ్రహవాసి అయిన ఈ డాక్టర్, బయటికి నీలం రంగు పోలీసు టెలిఫోను పెట్టెలా కనిపిస్తూ లోపల మాత్రం విశాలమైన భవనంలా ఉండే ‘టార్డిస్’ అనే వాహనంలో కాలాలనూ లోకాలనూ దాటి ప్రయాణిస్తూ, ప్రాణాపాయం ముంచుకొచ్చినప్పుడు పాత దేహాన్ని వదిలి కొత్త రూపం పొందుతాడు. మన కథల్లోని పరకాయ ప్రవేశం దీనికి దగ్గరగా అనిపించినా, ఇక్కడ ఇతరుల శరీరంలోకి వెళ్ళడం ఉండదు. తన శరీరమే మరో మనిషిగా మారుతుంది. 1966లో తొలి నటుడు విలియం హార్ట్‌నెల్ తప్పుకున్నప్పుడు కథను కొనసాగించడానికి రచయితలు కల్పించిన ఈ ఉపాయం వల్లనే, నటులు ఎందరు మారినా ధారావాహిక దశాబ్దాల పాటు నిలిచింది. ఆ వరుసలో నాలుగోవాడిగా 1974 నుంచి 1981 దాకా నటించిన టామ్ బేకర్‌కు మూడు గుర్తులు స్థిరపడ్డాయి: నేల దాకా వేలాడే రంగురంగుల ఊలు మఫ్లరు, వెడల్పు అంచు టోపీ, కోటు జేబులో తెల్ల కాగితపు సంచి. ఆ సంచిలో ఉండేవి జెల్లీ బేబీలు, అంటే పసిపిల్లల ఆకారంలో పోతపోసిన మెత్తటి పండ్ల రుచి జెల్లీ బిళ్ళలు.

ఈ మిఠాయిని డాక్టర్ చేతికి మొదట ఇచ్చినది బేకర్ కాలపు కథలు కావు. రెండో డాక్టర్‌గా నటించిన పాట్రిక్ ట్రౌటన్ పాత్రకే ఆ అలవాటు ఉంది. 1972 చివర, 1973 మొదట్లో ప్రసారమైన ‘ద త్రీ డాక్టర్స్’ కథలోనూ అది కనిపిస్తుంది. అయితే బేకర్ దాన్ని ఒక అలవాటు స్థాయి నుంచి స్వభావం స్థాయికి తీసుకుపోయాడు. అతని మొదటి కథ ‘రోబో’ ముగింపులో, తనపై మమకారం పెంచుకున్న యంత్రమానవుడు నాశనమైపోయాడని డాక్టర్ సహచరి సేరా జేన్ దిగులుపడుతున్నప్పుడు డాక్టర్ ఓదార్పు మాటలు వల్లించడు. సంచి ముందుకు చాచి, జెల్లీ బేబీ తీసుకుంటావా అని అడుగుతాడు. ఆయుధాలు ఎక్కుపెట్టిన శత్రువులనూ, నియంతలనూ, ముక్కూ మొహం తెలియని అపరిచితులనూ అతడు అదే ప్రశ్నతో పలకరిస్తాడు. ఎదుటివాడు దిగ్భ్రాంతి చెందిన ఆ క్షణంలో అతడికి ఆలోచించుకోవడానికి కొంత వ్యవధి చిక్కుతుంది గనుక దీనిని యుక్తిగా చెప్పేవారున్నారు. అది నిజమే అయినా, భయం నిండిన చోట మొదటి పనిగా తినడానికి ఏదైనా ఇవ్వజూపడం అన్నిటికన్నా ముందు ఒక మర్యాద. ఈ మిఠాయి కోసం అభిమానులు దేశదేశాల్లో పడిన ప్రయాస అర్థం కావాలంటే ఈ మర్యాదను గుర్తుంచుకోవాలి. వారు వెతికినది రుచి కోసం మాత్రమే అనుకుంటే ఆ ప్రయాసలో సగం అర్థం కాకుండా పోతుంది.

1977 జనవరిలో వచ్చిన ‘ద ఫేస్ ఆఫ్ ఈవిల్’ కథలో ఈ మిఠాయికి దక్కిన స్థానం మరి దేనిలోనూ లేదు. ఒక ఆటవిక తెగకు చెందిన లీలా అనే యువతికి డాక్టర్ ఎప్పటిలాగే సంచి అందించగా, దుష్టశక్తి పసిపిల్లలను తింటుందని చిన్ననాటి నుంచి విన్న ఆ పిల్ల ఆ మిఠాయి పేరు వినగానే హడలిపోతుంది. అదే కథలో డాక్టర్ ఒక జెల్లీ బేబీని ప్రాణాంతకమైన ఆయుధంగా చూపించి తెగవారిని బెదిరించబోతాడు; వాళ్ళు బెదరకపోయేసరికి దాన్ని తానే తినేస్తాడు. తుపాకి లేని కథానాయకుడి గురించి పుటల కొద్దీ రాసినా రాని స్పష్టత ఈ చిన్న సన్నివేశంలో ఉంది.

బ్రిటన్ ప్రేక్షకులకు ఇందులో వివరించవలసింది ఏమీ లేదు. వారి వీధి చివరి మిఠాయి దుకాణంలో పెద్ద గాజు సీసాల్లో రకరకాల బిళ్ళలు ఉండేవి. పిల్లలు నాలుగు ఔన్సులు, అంటే సుమారు 113 గ్రాములు, తూకం వేయించుకుంటే దుకాణదారు వాటిని తెల్ల కాగితపు సంచిలో పోసి ఇచ్చేవాడు. డాక్టర్ జేబులో ఉన్నది సరిగ్గా ఆ సంచే. లైసెన్సు రుసుముతో నడిచే బీబీసీ వాణిజ్య ప్రకటనలకు తావివ్వదు గనుక కూడా తెర మీది సంచిపై ఏ కంపెనీ పేరూ లేకపోవడం సహజం. బ్రిటన్ వెలుపలి అభిమానికి మాత్రం ఇదే చిక్కు అయింది, ఎందుకంటే పేరు తెలిసినా తయారీదారు ఎవరో, ఎక్కడ దొరుకుతుందో, అసలు ఎలా ఉంటుందో తెర చెప్పలేదు. పైగా తెర కొన్నిసార్లు తప్పుదారి పట్టించింది కూడా. ‘ది ఇన్వేజన్ ఆఫ్ టైమ్’ వంటి కథల్లో డాక్టర్ జెల్లీ బేబీ అంటూనే సంచిలోంచి తీసేది లికరిష్ ఆల్‌సార్ట్స్, అనగా అతిమధురం వేరు సారంతో చేసిన నల్లని పొరలకు రంగురంగుల చక్కెర ముద్దలు జోడించిన వేరొక మిఠాయి. ఆ దృశ్యాన్ని మాత్రమే చూసి వెతకబోయిన విదేశీ అభిమానికి ఏది దొరికి ఉంటుందో ఊహించవచ్చు.

అమెరికాలో ఈ ధారావాహిక నిజంగా వేళ్ళూనుకున్నది 1978లో, టైమ్-లైఫ్ సంస్థ బేకర్ నటించిన మొదటి 98 భాగాలను అక్కడి కేంద్రాలకు అందించినప్పుడు. వీక్షకుల విరాళాలతో నడిచే పబ్లిక్ టెలివిజన్ కేంద్రాలు వాటిని పదే పదే ప్రసారం చేశాయి. కొత్త ప్రేక్షకులకు కథ అందడం కోసం హోవర్డ్ డా సిల్వా అనే నటుడి గొంతుతో వ్యాఖ్యానం కూడా చేర్చారు. ఆ కథల ద్వారా అభిమానులైన వారికి జెల్లీ అనగానే తెలిసినది జెల్లీ బీన్, అంటే చిక్కుడు గింజ ఆకారంలో, పైన గట్టి చక్కెర పెంకు, లోపల మెత్తటి పిండి జెల్లీ ఉండే అమెరికన్ మిఠాయి. రెండింటికీ పేరులో సగం కలిసినా నోట్లో పెట్టుకుంటే పోలికే ఉండదు.

ఈ పొరపాటు అమెరికాలో అప్పటికే ఒకసారి జరిగి ఉంది. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్‌కు జెల్లీ బేబీలంటే ఇష్టమని 1963లో పత్రికల ద్వారా తెలిసిన బ్రిటన్ అభిమానులు కచేరీల్లో వాటిని వేదిక మీదికి విసరసాగారు. 1964 ఫిబ్రవరి 11న వాషింగ్టన్ కొలీజియంలో ఆ బృందం అమెరికాలో చేసిన తొలి కచేరీకి వచ్చినవారు జెల్లీ బేబీలు దొరకక జెల్లీ బీన్లు విసిరారు. మెత్తటి బిళ్ళ తగిలితే నవ్వుకోవచ్చు. గట్టి పెంకు ఉన్న గింజలు నలువైపుల నుంచీ వడగళ్ళలా పడితే దెబ్బ తగులుతుంది. ప్రేమతో చేసిన పనే నొప్పి కలిగించడానికి, సరైన మిఠాయి సముద్రానికి ఆవల ఉండిపోవడమే కారణం.

అసలు వస్తువు చరిత్ర కొంత మసకగా మొదలవుతుంది. 1864లో లాంకషైర్ ప్రాంతపు ఒక కంపెనీలో ఆస్ట్రియా నుంచి వచ్చిన పనివాడు ఎలుగుబంటి అచ్చు చేయబోతే అది పసిపాప రూపానికి వచ్చిందనే కథ ప్రచారంలో ఉంది. నమ్మకంగా చెప్పగలిగినది ఆ తర్వాతి అధ్యాయం. ఇంగ్లండు ఉత్తరాన ఉక్కు పరిశ్రమకు ప్రసిద్ధమైన షెఫీల్డ్ నగరంలోని బాసెట్స్ కంపెనీ 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన సందర్భంగా వీటిని ‘పీస్ బేబీస్’, అంటే శాంతి పాపలు, అనే పేరుతో విడుదల చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ముడిసరుకుల కొరత వల్ల తయారీ ఆగిపోయింది. మిఠాయిలకు 1942లో మొదలైన రేషన్ 1953 ఫిబ్రవరి 5న తొలగిపోగా, అదే సంవత్సరం ఇవి జెల్లీ బేబీస్ అనే నేటి పేరుతో తిరిగి అంగళ్ళకు వచ్చాయి. 1974లో బేకర్‌ను చూస్తున్న తల్లిదండ్రులలో చాలామంది మిఠాయి కోసం రేషన్ కార్డు పట్టుకుని నిలబడిన బాల్యం గడిపినవారే. అడిగినవారికీ అడగనివారికీ సంచి తెరిచి అందించే మనిషి ఆ తరానికి ఎంత ఉదారుడిగా కనిపించి ఉంటాడో ఈ నేపథ్యం తెలిస్తేనే బోధపడుతుంది.

1989లో బాసెట్స్ సంస్థ క్యాడ్‌బరీ శ్వెప్స్ చేతికి వచ్చింది. ఆ ఏడాదే ఒక్కో రంగు పాపకు ఒక్కో రూపం, ఒక్కో పేరు పెట్టారు. ఎర్రని స్ట్రాబెర్రీ రుచి పాప బ్రిలియంట్, పసుపు రంగు నిమ్మ పాప బబుల్స్, ఆకుపచ్చది బూఫుల్స్, ఊదా రంగుది బిగ్‌హార్ట్, నారింజది బంపర్, గులాబీ రంగుది బేబీ బానీ. ఇప్పుడు ఇవి మేనార్డ్స్ బాసెట్స్ పేరుతో వస్తున్నాయి. బేకర్ కాలపు సంచిలోని పాపలకు ఈ పేర్లేవీ లేవు కనుక, నాటి వస్తువునే కోరే అభిమాని ఈ సంగతి తెలుసుకుని తృప్తిపడవలసిందే.

పోలిక పట్టడానికి మరింత నమ్మకమైన గుర్తు తయారీలో ఉంది. చక్కెర, గ్లూకోజు పాకం, నీరు, జెలటిన్ కలిపి కాచి, పండ్ల రుచులూ రంగులూ చేర్చిన ద్రవాన్ని పిండి పరిచిన పళ్ళాల్లో అచ్చులు ఒత్తి చేసిన గుంటల్లో పోస్తారు. పిండి తేమను కొంత పీల్చుకోగా పైన పలుచటి పొర గట్టిపడుతుంది, లోపలి భాగం మెత్తగానే ఉండిపోతుంది, ఒంటికి అంటిన తెల్లని పిండి పొడి బిళ్ళ మీద అలాగే మిగులుతుంది. సాగదీస్తే రబ్బరులా సాగే జర్మన్ గమ్మీ బేర్ మిఠాయిలకూ దీనికీ తేడా ఇక్కడే: జెల్లీ బేబీని కొరికితే తెగుతుంది. బ్రిటన్‌లో పిల్లలు మొదట తల కొరకాలా, కాళ్ళు కొరకాలా అని వాదించుకోవడానికి వీలు కల్పించినది ఈ గుణమే.

జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే మాంసకృత్తు. ఎక్కువగా ఆవు లేదా పంది శరీరం నుంచి వస్తుంది కనుక, బ్రిటన్‌లో, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో శాకాహారులు ఇటువంటి బిళ్ళల పొట్లం మీది పదార్థాల జాబితా చదివి గాని కొనకపోవడం మంచిది. మన దేశంలోనైతే జెలటిన్ ఉన్న ఆహారంపై గోధుమ రంగు గుర్తు తప్పనిసరి. నారింజ తొక్క, ఆపిల్ వంటివాటి నుంచి తీసే పెక్టిన్‌తో చేసిన శాకాహార జెల్లీ బేబీలను కూడా కొన్ని సంస్థలు అమ్ముతున్నాయి. రుచి దగ్గరగానే ఉన్నా నమలడంలో తేడా తెలుస్తుంది.

ఇక దొరకడం సంగతి. ఇంటర్నెట్ రాకముందు అమెరికా అభిమానికి ఉన్న దారులు కొన్నే: పెద్ద నగరాల్లో ప్రవాస బ్రిటిష్‌వారి కోసం నడిచే దిగుమతి దుకాణాలు, లండన్ వెళ్ళివచ్చే బంధుమిత్రులు, ధారావాహిక అభిమానుల సమ్మేళనాలు. సమ్మేళనాలలో ఈ మిఠాయి ఒక ఆచారంగా మారింది. లాస్ ఏంజెలిస్‌లో 1990 నుంచి జరుగుతున్న ‘గాలిఫ్రే వన్’ వంటి సభలకు నాలుగో డాక్టర్ వేషంలో వచ్చేవారు మఫ్లరుతో సరిపెట్టుకోక, సంచి కూడా నింపుకుని వచ్చి అపరిచితులకు అందిస్తారు. సంపాదించుకున్న వస్తువును దాచుకోకుండా పంచిపెట్టడంలోనే ఈ అభిమానం తన ఆదర్శ పాత్రను సరిగ్గా అర్థం చేసుకుంది. దిగుమతి దుకాణాల మార్గం ఇప్పటికీ పూర్తిగా నిష్కంటకం కాదు. అమెరికాలో క్యాడ్‌బరీ చాక్లెట్ హక్కులున్న హెర్షీ సంస్థ ఒక దిగుమతిదారుతో 2015 జనవరిలో కుదుర్చుకున్న ఒప్పందం వల్ల బ్రిటన్‌లో తయారైన క్యాడ్‌బరీ చాక్లెట్లు అనేక అంగళ్ళకు రావడం ఆగిపోయింది. జెల్లీ బేబీలు చాక్లెట్లు కావు గనుక ఆ ఒప్పందం వాటిని తాకలేదు. అయినా ఒక సముద్రపు ఒడ్డున పిల్లలు చిల్లర డబ్బుతో కొనుక్కునే తీపి, మరో ఒడ్డున న్యాయవాదుల వ్యవహారం కాగలదని ఈ ఉదంతం చూపింది.

ధారావాహికకూ బాసెట్స్ కంపెనీకీ మధ్య నేరుగా జరిగిన వ్యవహారం మాత్రం జెల్లీ బేబీల వల్ల వచ్చింది కాదు. 1988 నవంబరులో ప్రసారమైన ‘ద హాపీనెస్ పట్రోల్’ కథలో, అందరూ ఎల్లవేళలా సంతోషంగా ఉండాలని శాసించే పాలకురాలి కొలువులో మిఠాయిలతో చేసిన శరీరం గల క్యాండీ మ్యాన్ అనే హంతకుడు ఉంటాడు. తమ లికరిష్ ఆల్‌సార్ట్స్ ప్రచార బొమ్మ బర్టీ బాసెట్‌ను ఆ పాత్ర పోలి ఉందని కంపెనీ అభ్యంతరం తెలపగా, ఆ పాత్రను మళ్ళీ వాడబోమని బీబీసీ హామీ ఇచ్చింది. ఏళ్ళ తరబడి తమ మిఠాయికి పైసా ఖర్చు లేకుండా ప్రపంచవ్యాప్త ఆదరణ తెచ్చిపెట్టిన కథే ఒక్కసారి మిఠాయిని భయానకంగా చూపడం వారికి నచ్చకపోవడంలో అసహజమేమీ లేదు. అయితే ఆ రెండింటినీ తూకం వేసి చూస్తే కంపెనీ పొందినదే ఎక్కువ.

తర్వాతి రచయితలు ఈ గుర్తును జాగ్రత్తగా కాపాడుతూ, అవసరమైన చోట తిప్పి వాడుకున్నారు. 1996 నాటి టెలివిజన్ చిత్రంలో పాల్ మెక్‌గన్ పోషించిన ఎనిమిదో డాక్టర్ జెల్లీ బేబీలు అందిస్తాడు. 2007లో వచ్చిన ‘ద సౌండ్ ఆఫ్ డ్రమ్స్’ కథలో డాక్టర్ బద్ధశత్రువు మాస్టర్ బ్రిటన్ ప్రధానిగా గద్దెనెక్కి, అవే బిళ్ళలు నములుతూ కనిపిస్తాడు. పాత కథలు చూసినవారికి అది సింహాసనం కాజేయడం కన్నా ఎక్కువ చికాకు కలిగించే దొంగతనం. 2014లో ‘మమ్మీ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ కథలో పీటర్ కపాల్డీ నటించిన పన్నెండో డాక్టర్ సొగసైన సిగరెట్ పెట్టె తీసి తెరుస్తాడు. లోపల వరుసగా పేర్చి ఉన్నవి జెల్లీ బేబీలు. అక్కడ ఎవరూ వివరణ ఇవ్వరు. టామ్ బేకర్ దిగిపోయి 33 ఏళ్ళు గడిచిన తర్వాత కూడా, ఏ దేశంలో కూర్చుని చూస్తున్నా ప్రేక్షకుడికి వాటి పేరు తెలుసునని రచయితకు నమ్మకం ఉంది. ఆ నమ్మకం కలిగేలా చేసినవారిలో దిగుమతి దుకాణాల అరలు గాలించిన అభిమానులూ ఉన్నారు.