ముక్కు దారిన గుడ్డు

"మా ఎద్దు నిలబడ్డచోటే గురక పెడుతది. చీమిడితోటి నెత్తురు పడుతది. ఎండదెబ్బనా?" కరీంనగర్ వైపు రైతు పాఠకుడొకరు అడిగిన ప్రశ్న ఇది. గురక లేకుండా ఒక్క నెత్తురే అయితే జవాబు చిన్నదే. ముకుతాడు ఒరిసి పుండు పడి ఉండొచ్చు. ఆదిలాబాద్ అడవి వాగుల్లో అయితే నీళ్లతోపాటు జలగ ముక్కులోకి ఎక్కి ఉండొచ్చు. అప్పుడు పశువును కాసేపు దప్పికతో ఉంచి నీళ్ల గిన్నె ముందు పెడితే జలగ తల బయటపెడుతుంది, దొరకబుచ్చుకోవచ్చు. ఉన్నట్టుండి చనిపోయిన పశువు ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దొమ్మగా అనుమానించాలి. ఆ కళేబరాన్ని కోయొద్దు, తోలు తీయొద్దు.

కానీ ఇక్కడ గురక కూడా ఉంది. అది ఉందంటే ముందుగా తలుచుకోవాల్సింది షిస్టోసోమా నసాలే అనే పురుగును.

ముక్కు లోపలి పొర కింది సిరల్లో దీని కాపురం. మగదాని ఒంటికి నిలువునా ఒక గాడి ఉంటుంది, ఆడది అందులోనే ఒదిగి బతుకుతుంది. రక్తంలో మునిగి ఉన్నా ఇవి పశువు శరీరానికి పట్టుబడవు. పశువు కణాల గుర్తుల్నే తమ చర్మానికి పూసుకుని సొంతవాళ్లలా చలామణీ అవుతాయి. చిక్కంతా గుడ్లతోనే. ఈ జాతి పురుగుల్లో చాలావాటి గుడ్లు పేడలోనో మూత్రంలోనో బయటికి పోతాయి. ఇది మాత్రం ముక్కును ఎంచుకుంది. ఎంత తెలివైన ఎంపికో చూడండి: పశువు రోజూ తనంతట తానే ముట్టెను నీళ్లలో ముంచుతుంది! అర మిల్లీమీటరు లోపు పొడవుండి వంకర తిరిగిన గుడ్డు, కొసన ముల్లుతో, పొరను చీల్చుకుని చీమిడిలోకి వస్తుంది. నీళ్లు తగలగానే పొదుగుతుంది. అందులోంచి వచ్చిన పిల్లకు ఉన్న గడువు కొన్ని గంటలే. ఆలోగా చెరువుల్లో కనిపించే చప్పిడి చుట్టల గోధుమరంగు నత్త, ఇండోప్లానార్బిస్, దొరకాలి.

నత్త కడుపులో ఒకటి వేలవుతుంది. ఆ వేలన్నీ చీలిన తోకలతో నీళ్లలోకి ఈదుకొస్తాయి, కనిపించిన చర్మంలోకల్లా దూరతాయి. నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లకు పట్టే దురదల్లో కొన్ని వీటి పుణ్యమే. మనిషి ఒంట్లో ఇవి పెద్దవి కాలేక చస్తాయి. పశువు ఒంట్లోనైతే రక్తం వెంట తిరిగి తిరిగి ముక్కుకు చేరతాయి.

బయటపడలేక పొరలో ఇరుక్కున్న గుడ్డు చుట్టూ శరీరం కణాలతో గోడ కడుతుంది. అలాంటి గోడలు వందలైతే ముక్కులో కాలీఫ్లవర్ లాంటి కాయలు లేస్తాయి. గాలి దారి ఇరుకై గురక వస్తుంది, కాయ చిట్లితే నెత్తురు. అంటే గురక పెట్టించేది పురుగు కాదు, దాని గుడ్లపై పశువు చేసే యుద్ధం.

1930ల దాకా ఈ కాయలకు 'నాసికా గ్రాన్యులోమా' అని పేరుండేదే గానీ కారణం తేలలేదు. 1932లో దత్తా, మల్కానీ దీనిమీద పత్రాలు రాశారు. మద్రాసు ప్రెసిడెన్సీ పశువుల్లో దొరికిన పురుగును 1933లో ఎం.ఎ.ఎన్. రావు వర్ణించి పేరు పెట్టారు. మరుసటి ఏడు దూడలకు ఆ రోగం అంటించి చూపారు. చెరువు నీళ్లతోనే ముడిపడ్డ ఇంకో ముక్కు కాయ, రైనోస్పోరిడియం, శాస్త్రజ్ఞుల్ని ఇంకా ఎక్కువకాలం ఏడిపించింది. 1900లో సీబర్ దాన్ని ఏకకణ జీవి అన్నాడు, 1923లో ఆష్‌వర్త్ బూజు అన్నాడు. 1999లో జన్యువులు చూస్తే చేపల పరాన్నజీవుల చుట్టంగా తేలింది. దానికి మందుకన్నా కత్తే దిక్కు.

గురక రోగానికి మాత్రం మందుంది. ముందుగా చీమిడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆ వంకర గుడ్డును చూడాలి. ఆ తర్వాత ఆంటిమొనీ సూదులు, వారం వారం, కండలో లోతుగా, పశువైద్యుడి చేతనే, ఎందుకంటే ఆ మందు గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీయగలదు. ప్రాజిక్వాంటెల్ కూడా పనిచేస్తుంది, కానీ అంత బరువున్న ఎద్దుకు తగిన మోతాదు ఖరీదు తక్కువేం కాదు. రెండు సూదులకే గురక తగ్గితే మూడోదానికి ఎద్దును తోలుకొచ్చే రైతు అరుదు. పైగా ఊళ్లో వైద్యం దక్కేది గురక పెట్టే ఎద్దుకే. బర్రె ముక్కులో అదే పురుగున్నా చాలాసార్లు కాయలు పెద్దగా లేవవు, గురక రాదు, ఎవరూ అనుమానించరు. అది మాత్రం పొద్దంతా చెరువులోనే పడుకుని గుడ్లు పంచుతూ ఉంటుంది. బర్రెలకూ మందు వేసి, తొట్టిలో బోరు నీళ్లు తాగించడమే కాస్త నమ్మదగిన దారి. నత్తల్ని చంపుదామని చెరువులో మైలుతుత్తం కలిపితే చేపలూ పోతాయి. అప్పుడు మొదట గొడవకొచ్చేది మత్స్యకార సంఘమే.