న్యాయమూర్తి రాజమన్నారుగారు: మనకొక పాఠము

విద్యార్థులారా! దేశమునకు సేవ చేసినవారనగానే మనకు నాయకులు, సేనానులు, కవులు జ్ఞప్తికి వత్తురు. న్యాయమూర్తి అంత సులభముగా జ్ఞప్తికి రాడు. ఆయన వేదికలెక్కి ప్రసంగింపడు, ఓట్లడుగడు. ఇరుపక్షముల వాదమును ఓపికతో విని, తీర్పు వ్రాసి, ఇంటికి పోవును. అయినను ఆ తీర్పులోని నాలుగు వాక్యములు లక్షలమంది బ్రతుకులను మార్చగలవు. అట్టివారిలో తెలుగువారెల్లరు గర్వింపదగిన మహనీయుడు కీర్తిశేషులు పాకాల వెంకట రాజమన్నారుగారు (1901–1979).

మన రాయవేలూరునకును గుడియాత్తమునకును ఆయనతో నేమి సంబంధమని మీరడుగవచ్చును. ఇచ్చటి మునసబు కోర్టులో పుట్టిన వ్యాజ్యము అప్పీలుపై జిల్లా కోర్టునకును, అచ్చటినుండి మద్రాసు హైకోర్టునకును పోవును. 1948 మొదలు 1961 వరకు ఆ హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తి రాజమన్నారుగారే. పాలారు గట్టున పొలము తగవు పడిన రైతుకును, బాకీ విషయమై కోర్టుకెక్కిన గుడియాత్తము నేతగానికిని పెద్ద దిక్కు ఆ న్యాయస్థానమే.

రాజమన్నారుగారిది న్యాయశాస్త్రము ఇంటివిద్యగా గల కుటుంబము. తండ్రి వెంకటరమణరావు నాయుడుగారు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నుండిరి. బావమరదులైన రాజమన్నారుగారును కోకా సుబ్బారావుగారును కలసి వకాలతు చేసిరి. ఆ సుబ్బారావుగారే 1966లో భారతదేశ ప్రధాన న్యాయమూర్తి అయిరి. రాజమన్నారుగారు మద్రాసు ప్రభుత్వమునకు అడ్వకేటు జనరలుగా పనిచేసి, 1945లో న్యాయమూర్తియై, 1948లో ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడు ఆయనయే.

1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. హక్కులు కాగితముపై నుండుట వేరు, కోర్టులో నిలుచుట వేరు. ఆ పరీక్షను తొలుత ఎదుర్కొన్నవి హైకోర్టులు. ఆ సంవత్సరము మార్చినెలలో మద్రాసు ప్రభుత్వము పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అను సంఘమును చట్టవిరుద్ధమైనదిగా ప్రకటించెను. నాటి చట్టము ప్రకారము, ఒక సంఘమువలన శాంతికి భంగము కలుగునని ప్రభుత్వమునకు తోచినచో గెజెటులో ప్రకటన వేసి దానిని నిషేధింపవచ్చును. సంఘమువారికి విడిగా నోటీసు అందజేయనక్కరలేదు. వారి మొరను పరిశీలించుటకు సలహామండలి యొకటి యుండెను గాని, కోర్టులో విచారణ లేదు. సంఘ కార్యదర్శి వి. జి. రావుగారు హైకోర్టు తలుపు తట్టిరి. రాజమన్నారుగారును, మరి ఇద్దరు న్యాయమూర్తులును ఆ వ్యవహారమును విచారించి, పౌరులు సంఘములుగా నేర్పడు హక్కునకు ఈ నిబంధన విరుద్ధమని దానిని కొట్టివేసిరి. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. 1952 మార్చి 31న ఆ అప్పీలు వీగిపోయెను.

ఇందలి సారమును మీరు గ్రహింపవలెను. ఆ సంఘపు అభిప్రాయములు మంచివా, చెడ్డవా అనునది కోర్టు ముందున్న ప్రశ్న కాదు. ఒక సంఘమును కలము పోటుతో రూపుమాపుటకు పాలకునికి అధికారము కలదా యనునదే ప్రశ్న. మనవంటి భాషాసంఘములు నేడు నిర్భయముగా సభలు జరుపుకొనుచున్నవన్నచో, ఇట్టి తీర్పులు వాని వెనుక గోడలవలె నిలిచియున్నవి.

అదే సంవత్సరము జూలైలో మరియొక ప్రసిద్ధ వ్యాజ్యము ఆయన యెదుటికి వచ్చెను. కళాశాలలలోని స్థానములను కులమతముల లెక్కన పంచు ప్రభుత్వపు ఉత్తరువు చెల్లదని చంపకం దొరైరాజన్ వ్యాజ్యములో హైకోర్టు తీర్పు చెప్పెను. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచెను. వెనుకబడిన వర్గములకు దీనివలన నష్టము కలుగునని పలువురు ఆందోళన చెందిరి. అందువలన ఆ సంవత్సరము జూన్‌లో పార్లమెంటు రాజ్యాంగమును తొలిసారి సవరించి, ఆ వర్గములకు ప్రత్యేక సదుపాయములు కల్పించు వీలును చేర్చెను. కోర్టు చట్టములో వ్రాసియున్నదానిని చెప్పెను. ప్రజాప్రతినిధులు లోటును పూరించిరి. రెండును తమ తమ ధర్మములే.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసి, సుబ్బారావుగారు దానికి ప్రధాన న్యాయమూర్తి అయిరి. రాజమన్నారుగారు మద్రాసు పీఠముననే యుండిరి. ఎల్లలు మారినను వేలూరు, గుడియాత్తము ప్రాంతములలోని తెలుగువారును ఈ నేలమీదనే నిలిచిరి. తెలుగు ప్రధాన న్యాయమూర్తి తమిళుల తగవులను మరి యేడేండ్లకు పైగా తీర్చెను. 1969లో కేంద్రరాష్ట్ర సంబంధములను పరిశీలించుటకు తమిళనాడు ప్రభుత్వము మువ్వురు సభ్యుల సంఘమును నియమించినపుడు అధ్యక్షునిగా కోరినది రాజమన్నారుగారినే. మరియొక సభ్యుడు పి. చంద్రారెడ్డిగారు కూడ తెలుగువారే. రాష్ట్రములకు అధికారములు పెరుగవలెనని ఆ సంఘము 1971లో నివేదిక సమర్పించెను. తమిళ ప్రభుత్వము తన స్వయంప్రతిపత్తి వాదమునకు బలము చేకూర్చు పనిని తెలుగు పెద్దల చేతిలో పెట్టుట సామాన్యమైన గౌరవము కాదు.

అంతటి పదవిలో నున్నవాడు మాతృభాషను మరచెనా? మరువలేదు. ఆయన తెలుగులో నాటకములు వ్రాసిన రచయిత. ఆయన రచించిన ‘తప్పెవరిది’ నాటకమును సుప్రసిద్ధ నటుడు బళ్ళారి రాఘవగారు ప్రదర్శించిరి. ఆ పేరు చూడుడు! న్యాయస్థానమున ప్రతిదినమును వినబడు ప్రశ్న అదియే. 1953లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నెలకొల్పబడినపుడు దానికి తొలి అధ్యక్షుడు కూడ ఆయనయే.

ఇక మన సంగతికి వత్తము. తమ భాషను, లిపిని కాపాడుకొను హక్కును రాజ్యాంగములోని 29వ అధికరణమును, తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొను హక్కును 30వ అధికరణమును అల్పసంఖ్యాకులకు ఒసగినవి. 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పుటకు తగు సదుపాయములు కల్పింపుమని రాష్ట్రములను కోరుచున్నది. 2006లో తమిళమును పాఠశాలలలో తప్పనిసరి చేయుచు చట్టము వచ్చిన తరువాత, భాషాల్పసంఖ్యాకులు పదవ తరగతి తమిళ పరీక్షనుండి మినహాయింపు కోరుచు కోర్టులకు పోవలసివచ్చెను. తమిళము మనము చక్కగా నేర్వవలసిన భాషయే; అది ఈ నేల భాష, మన ఇరుగుపొరుగుల భాష. కాని ఒకటి నేర్చుటకు మరియొకటి విడువవలసిన పనిలేదు. రెండు భాషల నడుమ బ్రతికియు ఏ యొక్కదానికిని అన్యాయము చేయని జీవితము సాధ్యమనుటకు రాజమన్నారుగారే సాక్ష్యము.

తరగతిలో పిల్లల సంఖ్య తగ్గినచో తెలుగు మాధ్యమము మూతపడును. దానిని ఏ కోర్టును ఆపజాలదు. హక్కును న్యాయమూర్తి నిలుపగలడు గాని, దానిని వాడుకొనవలసినది మనము. కావున తల్లిదండ్రులకు నా విన్నపమిది: మీ బిడ్డలను తెలుగు బడికి పంపుడు. విద్యార్థులారా, మీలో న్యాయశాస్త్రము చదువగోరువారు తప్పక చదువుడు. ఎదుటివాని మాట పూర్తిగా వినిన తరువాతనే తీర్పు చెప్పు అలవాటును మాత్రము నేటినుండియే, మీ ఆటస్థలములోనే, ప్రారంభింపుడు.