సంతకం చేయని పాదిరి

పైవారి ఆజ్ఞను కాదనడం ఎవరికైనా కష్టమే. కాదన్నవాడు ఒక సంఘానికి పెద్ద అయితే, వెనుక నడిచేవారి ప్రాణాలు కూడా ఆ ఒక్కమాట మీద వ్రేలాడుతుంటాయి.

ఫ్రాన్సు దేశంలో, కొండల నడుమ లె షాంబోన్ అనే పల్లె ఉన్నది. 1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. సంధిపత్రం మీద సంతకాలైన మరునాడే ఆదివారం. అక్కడి ప్రొటెస్టంటు పాదిరి ఆంద్రే త్రోక్మే, ఆయన సహచరుడు ఎద్వార్ తేస్, సువార్తకు విరుద్ధమైన ఆజ్ఞలు వస్తే ఆత్మబలంతో ఎదిరించవలసిందేనని జనంతో చెప్పారు. చెప్పడానికేం! ఆ చలికాలంలో ఒక శరణార్థి స్త్రీ మంచులో తడిసి వచ్చి పాదిరిగారి తలుపు తట్టింది. ఆమె యూదు వనిత. పాదిరిగారి భార్య మాగ్దా ఆమెను లోపలికి రమ్మన్నది. గుడిలో చెప్పిన మాటకు అసలు పరీక్ష ఆ వంటింట్లోనే జరిగిందంటాను.

1942 ఆగస్టులో పోలీసులు వచ్చి, ఊళ్లో దాగిన యూదుల జాబితా ఇమ్మన్నారు. పేర్లు తనకు తెలియవనీ, తెలిసినా ఇవ్వననీ త్రోక్మే చెప్పారు.

1943 ఫిబ్రవరిలో ఆయన్ను పట్టుకుపోవడానికి వచ్చినప్పుడు ఆయన ఇంట్లో లేరు. ఆయన వచ్చేసరికి భోజనాలవేళ అయింది. మాగ్దా ఆ పోలీసులకు కూడా వడ్డించింది! అలా ఎందుకు చేశావని తరువాత ఎవరో అడిగితే, భోజనాలవేళ కదా అన్నదట.

త్రోక్మేనూ, తేస్‌నూ, బడి ప్రధానోపాధ్యాయుడు దార్సిసాక్‌నూ సుమారు నెలరోజులు శిబిరంలో ఉంచారు. మార్షల్ పెతాఁ ప్రభుత్వ ఆజ్ఞలకు లోబడతామని కాగితం మీద సంతకం చేస్తే ఇంటికి పోవచ్చునన్నారు. దార్సిసాక్ సర్కారు ఉద్యోగి, సంతకం చేశారు. ఆయన్ను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పాదిరులిద్దరూ చేయలేదు. ఊరివారికి ఒకటి బోధించి, తాము మరొకటి వ్రాసి ఇవ్వడం ఎలా? చిత్రమేమంటే, సంతకం లేకుండానే వారిని కూడా వదిలిపెట్టారు.

కాని ఆ ధర్మానికి వెల చెల్లించినవాడు వేరొకడు. త్రోక్మే పిలుపు మీద ఆ ఊరు వచ్చి, శరణార్థుల పిల్లలనూ విద్యార్థులనూ కనిపెట్టుకొని ఉన్న బంధువు దానియేల్ త్రోక్మేను 1943 జూన్‌లో గెస్టపో పట్టుకున్నది. తప్పించుకొనే అవకాశం ఉన్నా, తన బాధ్యతలో ఉన్నవారిని వదలి పోనన్నాడు. 1944 ఏప్రిల్‌లో పోలండులోని మైదానెక్ శిబిరంలో మరణించాడు. విముక్తి వచ్చేదాకా లె షాంబోన్ ఇండ్లలో తలుపులు మాత్రం మూతపడలేదు.