కడ్డీ మీద నగిషీ

ఢిల్లీలో రోడ్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద తవాలు, పట్టకార్లు, గొడ్డళ్లు పరిచి అమ్మేవాళ్లను మన సిబ్బందిలో చాలామంది చూసే ఉంటారు. వాళ్లు గాడియా లోహార్లు. గాడీ అంటే బండి, లోహార్ అంటే కమ్మరి. 1568లో చిత్తోడ్ కోట అక్బరు వశమైనప్పుడు, అది తిరిగి దక్కేదాకా ఇంటి కప్పు కింద నిద్రపోమని తమ పెద్దలు ఒట్టు పెట్టుకున్నారని వాళ్లు చెప్పుకుంటారు. 1955లో నెహ్రూ స్వయంగా వాళ్లను కోటలోకి తీసుకెళ్లారు. ఒట్టు తీరింది గానీ చాలా కుటుంబాల బతుకు ఇంకా రోడ్డు పక్కనే.

మా శాఖకు వచ్చిన ఒక పీఎం విశ్వకర్మ దరఖాస్తు పరిశీలనకు అలాంటి ఒక కొలిమికి వెళ్లాను. ఫ్యాక్టరీ తవా వచ్చాక చేతి తవాకు గిరాకీ పోయింది. ఆ కుటుంబాన్ని ఇప్పుడు నిలబెడుతున్నది మెట్ల రెయిలింగులకు, కిటికీలకు వేసే నగిషీ కడ్డీలు. ఆ పని ఏమిటో తెలియకుండా దాని మీద రుణం ఎంత నిలుస్తుందో చెప్పలేం కదా.

సరుకు నరైనా లోహామండీ నుంచి వస్తుంది. మామూలు మైల్డ్ స్టీల్ పలకల కడ్డీ. 16 మి.మీ.ది మీటరుకు సుమారు 2 కిలోలు తూగుతుంది. కొలిమిలో అది నారింజ, పసుపు రంగుల మధ్యకు రావాలి. ఎరుపు దిగిపోయాక కొడితే గుర్తు లోతుగా పడదు, మోచెయ్యి నొప్పే మిగులుతుంది. తెల్లబడి రవ్వలు చిమ్మితే ఉక్కు కాలిపోతున్నట్టు. బయటికి తీయగానే పైన బూడిదరంగు పొలుసు కడుతుంది. తీగ బ్రష్‌తో దాన్ని గీకకుండా కొడితే పొలుసు లోపలికి దిగి, తర్వాత రాలిపోయి, అక్కర్లేని గుంటలు మిగులుతాయి.

గుండ్రటి మూతి సుత్తితో చిన్న చిన్న గుంటలు పెట్టడం అన్నిటికంటే తేలికగా కనిపిస్తుంది. నా దృష్టిలో అదే కష్టం. గుంటల అంచులు ఒకదాన్నొకటి తాకాలి, కానీ వరస కట్టకూడదు. పైగా ఒక ముఖం మీద కొడుతుంటే, అప్పటికే నగిషీ పడిన కింది ముఖం దాగలికి ఆని చదునైపోతుంది. అందుకని చివరి ముఖాలకు కింద చెక్క దిమ్మె పెట్టి, దెబ్బ తగ్గిస్తారు.

చెట్టు బెరడు లాంటి నగిషీకి మొద్దు ఉలి కావాలి. పొడవునా వంకర గీతలు, కొన్ని లోతుగా, కొన్ని పైపైన. వేడి ఉక్కును తాకి ఉలి మొన మెత్తబడిపోతుంది కాబట్టి రెండు మూడు దెబ్బలకోసారి నీళ్లలో ముంచాలి.

మెలి తిప్పడానికి వైస్ తప్పనిసరి. కడ్డీ ఎక్కడ ఎక్కువ వేడిగా ఉంటే మెలి అక్కడే బిగుస్తుంది. అక్కడ కాసిని నీళ్లు చిలకరిస్తే మెలి పక్కకు జరుగుతుంది. ఇందులో అందమైనది అనాస మెలి. నాలుగు ముఖాల మీదా ఉలితో నిలువు గాడి కొట్టి, ఒక వైపు గట్టిగా మెలి తిప్పుతారు. లేచిన అంచులను సుత్తితో కొట్టి మళ్లీ పలకలుగా చేస్తారు. తర్వాత ఎదురు దిశలో తిప్పుతారు. అప్పుడు అనాసపండు తొక్క లాంటి గళ్లు పైకి లేస్తాయి.

ఎరుపు పోయి నల్లబడ్డా ఇంకా వేడి ఉండగానే తేనెమైనం గానీ అవిసె నూనె గానీ రుద్దితే నిగనిగలాడే నలుపు వస్తుంది. ఇంట్లో రెయిలింగుకు ఇది చాలు. వానకు తడిసే గేటుకు మాత్రం ప్రైమరు, రంగు వేయాల్సిందే.

మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు గుర్తున్నవాళ్లకు ఒక మాట. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీది నీటి అలల చార లోహం లోపలిది, సుత్తి పెట్టింది కాదు. ఇక్కడిదంతా పైనుంచి దెబ్బతో తెచ్చినదే.

యంత్రంలో ఒత్తిన నగిషీ కడ్డీలు కూడా మార్కెట్లో దొరుకుతాయి, చౌక. గుర్తుపట్టడం సులువు. రోలరు ఒక చుట్టు తిరిగేసరికి అదే గుంట మళ్లీ అదే చోట కనిపిస్తుంది. "సాబ్, మేం కావాలన్నా రెండు ఒకేలా కొట్టలేం" అని నవ్వాడాయన. మామూలు కడ్డీ ధర కిలోల్లో ఉంటుంది, ఆయన ధర అడుగుల్లో చెప్తాడు. తిరిగి కట్టే స్తోమత ఆ తేడాలోనే ఉంది.

2023 సెప్టెంబరు 17న ద్వారకలోని యశోభూమిలో మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. పనిముట్లకు రూ.15,000 ప్రోత్సాహకం ఉంది. హామీ లేకుండా 5 శాతం వడ్డీకి తొలి విడత రూ.1 లక్ష వరకు ఇస్తారు, గడువు 18 నెలలు. ఖాతా సక్రమంగా నడిచి, డిజిటల్ లావాదేవీలు మొదలుపెట్టినా, ఉన్నత శిక్షణ పొందినా 30 నెలల గడువుతో మరో రూ.2 లక్షల వరకు.

ఆయన జాగా తన పేరున లేదు, రేపు ఖాళీ చేయమనొచ్చు. కాబట్టి షెడ్డు ఊసు ఎత్తకుండా డబ్బును కాలున్న బరువైన వైస్, కరెంటు బ్లోయరు, కడ్డీల సరుకు మీద పెట్టమన్నాను. వైస్‌ను దుంగకు బిగిస్తే దుంగతో సహా బండెక్కుతుంది. పరిశీలన నివేదికలో ఆ మాట కూడా రాశాను.